బయటివారికి పని ఇచ్చాక లోపల మిగిలే పని

ఒక సంస్థ తన పనిలో కొంత భాగాన్ని బయటి గుత్తేదారుకు అప్పగించినప్పుడు, ఆ పనికి పట్టే మనుషులూ గంటలూ సొంత సిబ్బంది లెక్కల్లోంచి తొలగిపోతాయి. వాటి స్థానంలో మరో పని లోపలే పుట్టుకొస్తుందన్న సంగతి మాత్రం ఆ లెక్కల్లో ఎక్కడా కనిపించదు. గుత్తేదారు మనుషులకు లోపలి పరిస్థితులు వివరించడం, వారి ప్రశ్నలకు సకాలంలో జవాబులు ఇప్పించడం, వారు చేసిన పని సరిగ్గా ఉందో లేదో తేల్చడం, వారి వల్ల మన పనీ మన వల్ల వారి పనీ ఆగకుండా చూడడం ఎవరో ఒకరు చేయవలసినవే. చాలా కాలంగా ఈ రెండు పక్షాల మధ్య పనిచేస్తున్న అనుభవంతో నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: ఈ సమన్వయాన్ని అసలైన పనిగా గుర్తించి, దానికి ఫలానా మనిషి అని నిర్ణయించి, అతని సమయంలో దానికి చోటు కల్పించని సంస్థలో ఒప్పందం ఎంత పకడ్బందీగా రాసుకున్నా పని గాడిన పడదు.

ఆర్థికశాస్త్రవేత్తలు ఈ ఖర్చును ఎప్పుడో గుర్తించారు. కావలసినవన్నీ మార్కెట్లో కొనుక్కునే వీలుండగా సంస్థలు అసలెందుకు ఏర్పడతాయన్న ప్రశ్నను రోనాల్డ్ కోస్ 1937లో వేశారు. మార్కెట్‌ను వాడుకోవడానికే కొంత ఖర్చవుతుందని, తగినవారిని వెతకడం, బేరమాడడం, ఒప్పందం రాసుకోవడం, అది అమలయ్యేలా చూడడం ఊరికే జరగవని ఆయన చెప్పిన సమాధానం. ఆయనకు 1991లో నోబెల్ పురస్కారం వచ్చింది. ఆ తరువాతి తరంలో ఆలివర్ హార్ట్ ఇదే దారిలో మరో అడుగు ముందుకు వేసి, భవిష్యత్తులో ఎదురయ్యే పరిస్థితులన్నింటినీ ఏ ఒప్పందమూ ముందుగా రాసిపెట్టలేదని, కాబట్టి రాయని పరిస్థితి వచ్చినప్పుడు నిర్ణయం తీసుకునే హక్కు ఎవరికి ఉందన్నదే కీలకమని చూపించారు. 2016లో ఆయనకూ బెంట్ హోమ్‌స్ట్రామ్‌కూ కలిపి ఆ పురస్కారం ఇచ్చారు.

పని జరిగే చోట ఆ సిద్ధాంతం చాలా మామూలు రూపంలో ఎదురవుతుంది. గోడ పగలగొట్టాక నక్షాలో లేని పైపు ఒకటి బయటపడుతుంది. పాత కంప్యూటర్ వ్యవస్థలోంచి కొత్తదానిలోకి సమాచారం తరలించడం మొదలుపెట్టాక ఒకే ఖాతాదారుకు రెండు ఖాతాలు ఉన్నట్లు తేలుతుంది. అప్పుడు గుత్తేదారు సూపర్‌వైజర్‌కు మూడు దారులుంటాయి. పని ఆపి జవాబు కోసం కూర్చోవచ్చు, అప్పుడు నష్టం అతనికి. తనకు తోచినట్లు చేసేయవచ్చు, అప్పుడు నష్టం మనకు. లేదా దగ్గరలో కనిపించిన ఉద్యోగిని ఎవరినో ఒకరిని అడిగి, ఆయన తలూపితే దానినే అనుమతిగా భావించి ముందుకు సాగవచ్చు. నేను ఎక్కువగా చూసింది ఈ మూడవదే. రెండు పక్షాలకూ నష్టం తెచ్చేదీ ఇదే, ఎందుకంటే బిల్లు వచ్చే నాటికి తలూపిన మనిషికి ఆ సంగతే గుర్తుండదు.

ఈ చిక్కుకు చాలా సంస్థలు కనిపెట్టే మందు, గుత్తేదారు మనుషులు ఒక్క సమన్వయకర్తతో తప్ప మరెవరితోనూ మాట్లాడరాదన్న నిబంధన. ఇది నాకు నచ్చదు. అన్ని మాటలూ ఒకే మనిషి ద్వారా సాగాలంటే ఆ మనిషి సెలవు పెట్టిన రోజున పని సెలవు పెడుతుంది. పైగా అతనికి తెలియని సాంకేతిక విషయాలు అతని నోటి మీదుగా అటూ ఇటూ ప్రయాణించి, చేరే సరికి రూపం మార్చుకుంటాయి. వేరు చేయవలసింది మనుషులను కాదు, సమాచారాన్నీ ఆదేశాన్నీ. సమాచారం ఎవరు ఎవరికైనా ఇవ్వవచ్చు. యంత్రం గురించి బాగా తెలిసిన మన ఫిట్టర్, దాన్ని బాగుచేయడానికి వచ్చిన బయటి ఫిట్టర్‌తో నేరుగా మాట్లాడడమే మంచిది. కానీ పని పరిమాణాన్ని, క్రమాన్ని, గడువును లేదా ఖర్చును మార్చే మాట ఏదైనా ఒక్కరి సంతకంతోనే వెళ్లాలి. ఆ ఒక్కరు అందుబాటులో లేనప్పుడు సంతకం చేసే రెండవ మనిషి ఎవరో కూడా మొదటి రోజే రాసి పెట్టాలి. ఈ తేడాను సొంత సిబ్బందికి ఒకసారి చెబితే సరిపోదు. ‘ఎలాగూ వచ్చారు కదా, ఇది కూడా చూసి పెట్టండి’ అనే మాట ఎంతో సహజంగా, సహృదయంతోనే వస్తుంది. గుత్తేదారు కుర్రవాడు కాదనలేక చేసి పెడతాడు. ఆ చిన్న సాయాల మొత్తమే తరువాత అదనపు బిల్లుగానో, ఆలస్యానికి సంజాయిషీగానో తిరిగి వస్తుంది.

ప్రశ్నల పట్టిక ఒకటి నడపడం ఇందుకు నాకు తెలిసిన మంచి సాధనం. గుత్తేదారు ఏ ప్రశ్న ఏ తేదీన అడిగాడు, జవాబు ఎవరు చెప్పాలి, ఎప్పటిలోగా చెప్పాలి, ఎప్పుడు చెప్పారు అన్న వివరాలు చాలు. ఆ పట్టికను రెండు పక్షాలూ చూడగలగాలి. దీనిని గుత్తేదారు మీద నిఘాగా భావించేవారున్నారు కానీ, నిజాయితీగా నింపిన పట్టికలో ఆలస్యాలు చాలావరకు సొంత సంస్థ వైపే కనిపిస్తాయి. బహుశా అందుకే దాన్ని నడపడానికి ఎవరూ అంత ఉత్సాహం చూపరు.

ఎక్కడ మన పని ముగిసి వారి పని మొదలవుతుందో ఆ హద్దును కాగితం మీద రాసుకోవడం మొదటి మెట్టు మాత్రమే. అందుకు మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. నాసా 1998 డిసెంబరులో ప్రయోగించిన ఈ వ్యోమనౌకను 1999 సెప్టెంబరు 23న అంగారక గ్రహం చేరే వేళ పోగొట్టుకుంది. దాన్ని నిర్మించినది లాక్‌హీడ్ మార్టిన్ అనే గుత్తేదారు సంస్థ. దారి చూపించినది నాసా తరఫున పనిచేసే జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ. నౌకలోని థ్రస్టర్లనే చిన్న ఇంజన్లు మండినప్పుడు కలిగే ప్రచోదనాన్ని, అంటే మొత్తం తోపుడును, గుత్తేదారు వైపు సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో లెక్కగట్టి ఇచ్చింది. అందుకున్నవారు దాన్ని న్యూటన్-సెకన్లుగా తీసుకున్నారు. రెంటికీ మధ్య తేడా సుమారు నాలుగున్నర రెట్లు. నెలల తరబడి ఆ తేడా దారి లెక్కల్లో పేరుకుపోగా, నౌక అనుకున్న దానికంటే ఎంతో తక్కువ ఎత్తులో అంగారకుని వాతావరణంలోకి దూసుకుపోయింది.

ఈ కథను సాధారణంగా కొలమానాల పొరపాటుగా చెప్పి ముగిస్తారు. కానీ రెండు పక్షాల మధ్య సమాచారం ఏ కొలమానంలో మారాలో నిర్దేశించిన పత్రం అప్పటికే ఉంది. మెట్రిక్ కొలతలే వాడాలని అందులో ఉంది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది విచారణ మండలి చెప్పిన మరో సంగతి. లెక్కలు కుదరడం లేదన్న అనుమానం దారి చూసే బృందంలో కొందరికి ముందే కలిగింది. ఆ అనుమానం మాటల్లోనూ ఈమెయిళ్లలోనూ తిరిగిందే తప్ప, సమస్యలను నమోదు చేసి పరిష్కారమయ్యే వరకూ వదలకుండా ఉండేందుకు ఉన్న లాంఛన పద్ధతిలోకి రాలేదు. అంటే హద్దు రాసి ఉంది, అది సరిగ్గా పాటిస్తున్నారో లేదో తనిఖీ జరగలేదు, తేడా వస్తున్నదన్న అనుమానానికి సరైన చోటు దొరకలేదు. ఒక చిన్న నమూనా ఫైలును రెండు పక్షాలూ కలిసి కూర్చుని, చేత్తో లెక్కగట్టిన విలువలతో పోల్చి చూసి ఉంటే ఇది బయటపడేదని నా నమ్మకం. అప్పటి నుంచి ఏ కొత్త గుత్తేదారుతోనైనా అసలు పని మొదలుకాక ముందే, ఒక చిన్న ముక్కను ఆసాంతం అటు నుంచి ఇటు నడిపించి చూడాలని నేను పట్టుబడుతుంటాను.

సాఫ్ట్‌వేర్‌లోనైనా కర్మాగారంలోనైనా హద్దు కంటే ప్రమాదకరమైనది అప్పగింత, అందులోనూ సగంలో ఆగిన పని అప్పగింత. ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద 1988 జులై 6న జరిగిన దుర్ఘటనను చదివిన ప్రతిసారీ ఇదే గుర్తుకొస్తుంది. ఆ రోజు పగలు ‘ఎ’ అనే పంపుకు చెందిన భద్రతా వాల్వును సరిచూడడానికి బయటి గుత్తేదారు మనుషులు విప్పి తీశారు. పని సాయంత్రానికి పూర్తికాలేదు. వాల్వు ఉండవలసిన చోట గొట్టానికి మూతలాంటి ఒక ఫ్లాంజి బిగించి, ఆ పనికి అనుమతి పత్రమైన పర్మిట్‌ను కంట్రోల్ రూమ్‌లో అప్పజెప్పి వెళ్లారు. వాల్వు లేదన్న సంగతి రాత్రి షిఫ్టు వారికి చేరలేదు. అదే పంపుకు సంబంధించి ఇంకా మొదలుపెట్టని మరో మరమ్మతు పనికి వేరే పర్మిట్ ఉంది. ఈ రెండు పర్మిట్లనూ కలిపే సూచన దేనిలోనూ లేదు. రాత్రి సుమారు 9:45కు, అప్పటిదాకా ‘ఎ’కు బదులుగా నడుస్తున్న ‘బి’ పంపు ఆగిపోయింది. షిఫ్టు వారు రెండవ పర్మిట్‌ను మాత్రమే చూసి, మరమ్మతు ఇంకా మొదలుకాలేదు కాబట్టి ‘ఎ’ పంపును నడపవచ్చని నిర్ణయించుకున్నారు. కాసేపటికి మూత వద్ద లీకైన వాయువు అంటుకుని పేలింది. ఆ రాత్రి 167 మంది చనిపోయారు.

ఈ దుర్ఘటనపై న్యాయమూర్తి లార్డ్ కల్లెన్ ఇచ్చిన విచారణ నివేదిక 1990లో 106 సిఫారసులతో వెలువడింది. పర్మిట్ పద్ధతి రాతలో ఒకలా, ఆచరణలో మరోలా నడిచిందని, షిఫ్టుల మధ్య అప్పగింత లోపభూయిష్ఠంగా ఉందని అందులో ఉంది. ఇక్కడ ఏ ఒక్కరూ పనిని కావాలని ఎగ్గొట్టలేదన్నదే నన్ను కలవరపెట్టే విషయం. గుత్తేదారు మనుషులు మూత బిగించారు, పర్మిట్ తిరిగి ఇచ్చారు. షిఫ్టు వారు పంపును నడిపే ముందు పర్మిట్ల కోసం వెతికారు. ఎవరి అడుగు వారికి సరిగ్గానే తోచింది. ‘వాల్వు స్థానంలో లేదు’ అనే ఒక్క వాక్యం, అది తెలిసినవారి దగ్గరి నుంచి అది తెలియవలసినవారి దగ్గరికి వెళ్లే దారి మాత్రం లేదు.

అప్పగింత రాత ఎవరి కోసమో గుర్తుంచుకుంటే ఇలాంటి ఖాళీ చాలావరకు తగ్గుతుంది. పని చేసినవారు తమకు తెలిసినవారి కోసం రాస్తారు: ‘వాల్వు పని పెండింగ్’ అని. దాన్ని చదివేది ఆ పని సంగతే ఎరగని మనిషి, అదీ అర్ధరాత్రి, తొందరలో. అతనికి కావలసినది పని ఎంతవరకు వచ్చిందన్న వివరం కాదు. ఇప్పుడు ఏది వాడరాదు, ఎందుకు, ఎవరిని అడగాలి అన్న మూడు సంగతులు. అందుకే సగంలో ఆగిన పనికి కాగితంతో పాటు, వాడరాని స్విచ్ మీదే ఒక చీటీ, ఒక తాళం ఉండాలంటారు మెయింటెనెన్స్ విభాగం వారు. సాఫ్ట్‌వేర్‌లో దీనికి సమానమైనది, సగం మార్చిన భాగాన్ని పొరపాటున కూడా ఎవరూ విడుదల చేయలేని విధంగా ఆపి పెట్టడం.

పైపర్ ఆల్ఫా తరువాతి ఏడాది అమెరికాలోని పాసడీనా రసాయన కర్మాగారంలో, గుత్తేదారు మనుషులు మరమ్మతు పనుల్లో ఉండగా జరిగిన పేలుడులో 23 మంది మరణించారు. 1992లో ఆ దేశం ప్రమాదకర రసాయన ప్రక్రియల భద్రతకు తెచ్చిన నియమావళిలో గుత్తేదారుల గురించి ప్రత్యేక విభాగం ఉంది. అందులో నాకు నచ్చినది బాధ్యతలను రెండు వైపులా పంచిన తీరు. కర్మాగారం యజమాని తనకు తెలిసిన ప్రమాదాలను గుత్తేదారుకు చెప్పాలి, గుత్తేదారు గత భద్రతా చరిత్రను ముందుగా చూసుకోవాలి. గుత్తేదారు తన మనుషులకు శిక్షణ ఇవ్వాలి, తమ పని వల్ల తలెత్తే ప్రమాదాలను యజమానికి చెప్పాలి. ప్రమాదకర రసాయనాల జోలికి వెళ్లని ఏ కార్యాలయమైనా ఈ నాలుగు వాక్యాలను తన ఒప్పందానికి అనుబంధంగా పెట్టుకోవచ్చు.

డబ్బు చెల్లించే పద్ధతి గురించి క్లుప్తంగా చెబుతాను. దేనికి డబ్బు కొలిచి ఇస్తామో దాని మీదే శ్రద్ధ పెరుగుతుంది, కొలవనిది పక్కకు జరుగుతుంది. హోమ్‌స్ట్రామ్, పాల్ మిల్‌గ్రోమ్ 1991లో దీన్నే సిద్ధాంత రూపంలో చెప్పారు. పూర్తయిన పనుల సంఖ్యను బట్టి చెల్లిస్తే, మన సిబ్బందికి వివరించడానికీ పత్రాలు రాయడానికీ గుత్తేదారు గంట కూడా వెచ్చించడు. అది అతని తప్పు కాదు. సమన్వయం కావాలనుకుంటే దానికి పట్టే గంటలు కూడా ధరలో చేరాలి. ఉమ్మడి సమావేశాలకు రావడం, అప్పగింత పత్రం రాయడం, మన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చూపించడం చెల్లింపు పట్టికలో విడి పద్దులుగా కనిపించాలి.

మనుషుల మధ్య సంబంధాల విషయంలో చిక్కు మరింత లోతైనది. తన ఉద్యోగం బయటకు పోతుందేమోనన్న భయం ఉన్న ఉద్యోగి తనకు తెలిసినది చెప్పడు. అడిగితే కాదనడు, కానీ అడగనిది చెప్పడు. ఏ పని బయటకు వెళుతోంది, ఏది లోపలే ఉంటుంది, ఎందుకు అన్నది యాజమాన్యం సూటిగా చెప్పని చోట ఎన్ని సమావేశాలు పెట్టినా సమాచారం కదలదు. మరోవైపు చట్టం ఇంకొక దూరాన్ని కోరుతుంది. బయటి మనుషుల రోజువారీ పనిని మనమే నిర్దేశించి, పనిగంటలు మనమే నిర్ణయిస్తూ పోతే, వారు నిజానికి మన ఉద్యోగులేనని అనేక దేశాల న్యాయస్థానాలు నిర్ణయించే వీలుంటుంది. మైక్రోసాఫ్ట్‌లో ఏళ్ల తరబడి తాత్కాలిక హోదాలో పనిచేసినవారు 1992లో వేసిన దావా 2000లో 9.7 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. ఆ భయంతో కొన్ని సంస్థలు బయటి మనుషులను సమావేశాలకు పిలవవు, ఒక గడువు దాటగానే తప్పనిసరి విరామం పేరుతో పంపించివేస్తాయి. పని తెలిసిన మనిషి వెళ్లిపోయి, తెలియని మనిషి వస్తాడు.

ఈ విషయంలో నేను పాటించేది ఒక్కటే: ఫలితాన్నీ, గడువునూ, భద్రతా నియమాలనూ మనం చెప్పాలి, ఏ మనిషి ఏ పని చేయాలో గుత్తేదారు సూపర్‌వైజర్‌కే వదిలేయాలి. పనికి సంబంధించిన సమావేశాలకు మాత్రం వారిని తప్పక పిలవాలి. సమావేశంలో వారిని కంపెనీ పేరుతో కాక మనిషి పేరుతో పిలవడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ‘మీ ఏజెన్సీ వాళ్లు’ అన్న పిలుపు వినిపించే గదిలో సమస్యలు బయటపడడానికి ఒక వారం ఎక్కువ పడుతుందని నా పరిశీలన.

ఇంత చేసినా, గుత్తేదారు పనిని చూసి మంచిచెడ్డలు తేల్చగలిగిన మనిషి లోపల లేకపోతే సమన్వయకర్త ఉత్తరాలు మోసే మనిషిగా మిగిలిపోతాడు. బోయింగ్ ఇంజనీరు ఎల్. జె. హార్ట్-స్మిత్ 2001లోనే తమ సంస్థ సమావేశంలో సమర్పించిన ఒక పత్రంలో, పని బయటకు ఇచ్చినంత మాత్రాన ఖర్చులు బయటకు పోవని, సరఫరాదారులకు అక్కడికే వెళ్లి సాంకేతిక సహాయం అందించే ఏర్పాటు ముందే చేసుకోవాలని, అందరిలోకీ బలహీనుడైన సరఫరాదారు సామర్థ్యాన్ని మించి ప్రధాన సంస్థ రాణించలేదని హెచ్చరించారు. తరువాత 787 విమానం నిర్మాణంలో పెద్ద పెద్ద భాగాలను బయటి సంస్థలకు అప్పగించారు. కొనుగోలుదారులకు విమానాలు అందించడం 2008లో మొదలు కావలసి ఉండగా 2011లో గాని మొదలుకాలేదు. మధ్యలో 2009లో ఒక సరఫరాదారుకు చెందిన కర్మాగారాన్ని బోయింగే కొనుక్కోవలసి వచ్చింది. ఆ ఆలస్యానికి కారణాలు ఇంకా ఉన్నాయి. అయినా ఆయన హెచ్చరికను చూస్తే, బయటకు పంపిన పని తెలిసిన మనుషులను లోపల అట్టిపెట్టుకోవాలన్న మాటను కాదనడం కష్టం.

ఇక పని ముగింపు. చివరి బిల్లు చెల్లించే రోజునే అందరూ తేలికపడతారు కాబట్టి, ఆ రోజున జరగవలసినవే ఎక్కువగా మరుగునపడతాయి. 2013 చివర టార్గెట్ అనే అమెరికా దుకాణాల సంస్థలో సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు దొంగిలించినవారు లోపలికి వచ్చింది, శీతలీకరణ పనులు చేసే ఒక గుత్తేదారుకు ఇచ్చిన లాగిన్ వివరాలను కాజేసి, వాటితోనే. బయటివారికి ఇచ్చిన పాస్‌వర్డులు, గేటు కార్డులు, తాళాలు ఎవరి దగ్గర ఏవి ఉన్నాయో ఇచ్చిన రోజు నుంచే జాబితా ఉంటే, తిరిగి తీసుకోవడం ఒక పూట పని. లేకపోతే అది ఎప్పటికీ పూర్తికాదు. బిల్లులో కొంత మొత్తాన్ని నక్షాలు, పాస్‌వర్డులు, విడిభాగాల వివరాలు అందే వరకు నిలిపి ఉంచడం చాలా చోట్ల ఉన్న ఆచారమే. దానికి నేను ఒక షరతు చేరుస్తాను: ఆ పత్రాలు అందాయని సంతకం చేసేది ఖాతాల విభాగం కాకూడదు. రేపటి నుంచి ఆ యంత్రాన్ని లేదా ఆ సాఫ్ట్‌వేర్‌ను నడపబోయే మన ఉద్యోగి, గుత్తేదారు మనుషులు పక్కన ఉండగానే కేవలం ఆ పత్రాలను చూసి ఒకసారి నడిపి, ఆపి, మళ్లీ నడిపి చూపించాకే సంతకం చేయాలి.